మూడు చుక్కల రింగు

నభోమణి ఏరోస్పేస్ కంపెనీ ఉపగ్రహాలకు ఒళ్లు, రాకెట్లకు కీళ్లు, క్షిపణులకు రెక్కలు తయారుచేసి సర్కారుకు అప్పజెబుతుందని హైదరాబాదు పొలిమేరలో దాని గేటు మీదున్న బోర్డు చెబుతుంది. బోర్డు అబద్ధం చెప్పదనే అనుకుందాం. చెన్నకేశవరావు మాత్రం ఎనిమిదేళ్ల నుంచి అక్కడ కాగితాలు తయారుచేస్తున్నాడు. ఆ విషయంలో కంపెనీ అమెరికా, రష్యాల కంటే చాలా ముందుంది. ఒక బోల్టు బిగిస్తే నాలుగు కాగితాలు, విప్పితే ఆరు.

అతనిది సత్తెనపల్లి దగ్గర రాజుపాలెం. తండ్రి వెంకట్రామయ్య రెండుసార్లు సర్పంచిగా చేసి, మూడోసారి ఓడిపోయి, నాలుగోసారికి సిద్ధంగా ఉన్న మనిషి. ఏ మీటింగులో నిలబడినా "మావాడు రాకెట్లు చేస్తాడు" అని మొదలుపెట్టేవాడు. రాకెట్లకూ ఊళ్లో మంచినీళ్ల పంపుకూ ఏమిటి సంబంధమని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. చేసేది రాకెట్లు కాదు, రాకెట్ల తాలూకు రసీదులని కొడుకూ ఎప్పుడూ చెప్పలేదు.

చెన్నకేశవరావు అసిస్టెంట్ మేనేజరు. ఇరవై బల్లలున్న హాల్లో అతనిది పదకొండోది. మేనేజరు రిటైరై వెళ్లిపోయాడు. ఆయన గది ఖాళీగా ఉంది. ఆ గదికి తలుపుంది, తలుపు మీద పేరు రాసుకునే చెక్క ఉంది. రోజుకు నాలుగుసార్లు దాని ముందునుంచి నడిచేవాడు చెన్నకేశవరావు. నీళ్ల కుండ అటువైపే ఉందనేది అతని వాదన. మనిషి మంచివాడే. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆ తలుపు కోసం మాత్రం ఏమైనా చేస్తాడు.

1986 మార్చిలో ఆ అవకాశం రింగు రూపంలో వచ్చింది. ఉపగ్రహాన్ని రాకెట్టు తలమీద పట్టి ఉంచే అల్యూమినియం రింగు అది, మూరెడు వెడల్పు. దాన్ని చెక్కడానికి జర్మనీ నుంచి ఒక యంత్రం తెప్పించారు. ఏసీ గది కట్టించి అందులో కూర్చోబెట్టారు. మంత్రులొచ్చి దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. దసరాకు పూజ కూడా చేశారు. రెండేళ్లయినా అది తిరగలేదు. మన కరెంటు దానికి పడలేదు. పడేలా చేయాల్సిన జర్మనీ ఇంజనీరుకు మన ఎండ పడలేదు.

"ఎట్లా చేస్తారో నాకు తెలియదు. పదిహేనో తారీకుకి రింగు నా బల్ల మీద ఉండాలి" అన్నాడు డైరెక్టరు. పెద్ద అధికారులు తమకు తెలియకూడని సంగతిని ఇలాగే చెబుతారు.

"వెనక షెడ్డులో పాత లేతు ఉంది సార్. దాని మీద చేయిస్తాను" అన్నాడు చెన్నకేశవరావు. వెనక షెడ్డులో లోహాన్ని తిప్పి చెక్కే లేతు ఉన్నమాట నిజం. దాని మీద పావురాలు కాపురం పెట్టినమాట కూడా నిజం.

ఆ సాయంత్రమే చెక్కని రింగును గోనెసంచిలో కట్టి, మీద నాలుగు పాత పేపర్లు కప్పి గేటు దాటించాడు. సంచి బరువుగా ఉంటే వాచ్‌మన్ పేతురు పరుగెత్తుకొచ్చి ఆటోలోకి ఎత్తిపెట్టాడు. పేతురుది ఈపూరు. మన జిల్లా సారని చెన్నకేశవరావంటే ప్రాణం పెడతాడు. పెద్దవాళ్ల సంచులు విప్పి చూడమని రూల్లో ఉంది గాని, పేతురు రూలు కంటే మర్యాద ఎక్కువ తెలిసినవాడు.

రింగు బస్సెక్కి నరసరావుపేట చేరింది. దాని డ్రాయింగు మీద "అత్యంత రహస్యం" అని ఎర్ర ముద్ర ఉంది. పల్నాడు రోడ్డులో ఖలందర్ లేతు షాపు ముందు టీ తాగుతున్న ఏడుగురు ఆ ముద్రను చదివి, రహస్యమట అని ఒకరికొకరు చెప్పుకుని, దాన్ని గౌరవించి, మాచర్ల బస్సెక్కి వెళ్లిపోయారు.

ఖలందర్‌కు అరవై దగ్గరపడుతున్నాయి. రాజుపాలెం నుంచి వెల్దుర్తి దాకా మెట్టపొలాల్లో ఎవరి బోరు పంపు ఆగినా షాఫ్టు అతని దగ్గరికే వస్తుంది. వెంకట్రామయ్య ఇంట్లో పంపులన్నీ అతని చేతివే. ఆ చనువుతో చెన్నకేశవరావు చిన్నప్పటినుంచీ మామా అని పిలుస్తాడు. ఖలందర్‌కు ఒక అలవాటుంది. ఏ సామాను చేసినా, లోపలి అంచున సెంటర్ పంచ్ అనే మొనదేలిన ఉలితో మూడు చుక్కలు కొట్టి గాని షాపు దాటనివ్వడు. ఏడాది తిరక్కుండా అది విరిగితే రైతు తెచ్చి ముందు పెడతాడు. ఖలందర్ చుక్కలు వెతుకుతాడు. ఉంటే ఇక మాటల్లేవు. కొత్తది చేసి, తానే పొలానికి వెళ్లి బిగించి, తప్పు ఎక్కడ జరిగిందో రైతుకు చెప్పి వస్తాడు. వాళ్ల నాన్న అలాగే చేసేవాడు. చుక్కలు లేని సామాను తల్లీతండ్రీ లేనిదని అతని లెక్క.

రింగును చేతిలోకి తీసుకుని ఖలందర్ అటూఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంది అబ్బాయ్, ఏ మోటారుకు?"

"మోటారుకు కాదు మామా. ఆకాశంలోకి పోద్ది."

"పోయి?"

"అక్కడే తిరుగుతా ఉంటది."

"గ్రీజు ఎవురు పెడతారు దానికి?" అన్నాడు ఖలందర్. కంపెనీలో ఎవరికీ ఇంతవరకు తోచని ప్రశ్న అది. చెన్నకేశవరావు డ్రాయింగు విప్పి అతని ముందు పరిచాడు.

కరెంటు వచ్చినప్పుడల్లా లేతు తిప్పుతూ, పోయినప్పుడల్లా బీడీ కాలుస్తూ ఐదు రోజుల్లో రింగు పూర్తిచేశాడు ఖలందర్. హైదరాబాదులో కొలిచి చూస్తే వెంట్రుకలో పదోవంతు తేడా కూడా లేదు. పద్నాలుగు మంది అధికారులు దాన్ని పరీక్షించి పద్నాలుగు సంతకాలు పెట్టారు. లోపలి అంచున మూడు చుక్కలు ఉన్నాయి. వాటిని ఎవరూ చూడలేదని కాదు. చుక్కలు ఉన్నాయా లేవా అని అడిగే గడి వాళ్లు సంతకాలు పెట్టిన ఫారంలో లేదు. గడి లేనిదాన్ని చూడటం వాళ్ల ఉద్యోగం కాదు. చెన్నకేశవరావు కూడా చూశాడు. పదిహేనో తారీకు గుర్తొచ్చి ఊరుకున్నాడు.

రింగు డైరెక్టరు బల్ల మీదికి చేరింది. కంపెనీ సొంతంగా తయారుచేసిన తొలి రింగని ఢిల్లీకి ఉత్తరం వెళ్లింది. చెన్నకేశవరావును డైరెక్టరు పిలిచి భుజం తట్టాడు. ఖాళీ గదిని కడిగించారు.

రాకెట్టు మీద పెట్టే ప్రతి వస్తువునూ ముందు ఒక బల్ల మీద బిగించి గడగడా వణికిస్తారు. వణుకుకు తట్టుకున్నదే పైకి పోతుంది. ఏప్రిల్లో రింగును ఆ బల్ల మీద బిగించి వణికించారు. పదకొండో నిమిషంలో టప్‌మని పగిలింది. పగులు సరిగ్గా చుక్కల దగ్గర మొదలైంది.

వెంటనే కమిటీ వేశారు. పగిలిన ముక్క ఫొటోను పెద్దది చేసి గోడకు అంటించి, చుట్టూ కూర్చుని చూశారు. లోహం అమ్మిన విదేశీ కంపెనీ వేసిన గుర్తని ఒకాయన అన్నాడు. మూడు చుక్కలూ ముక్కోణంలో ఉన్నాయి కాబట్టి శత్రుదేశపు సంకేతం కావచ్చని ఇంకొకాయన అన్నాడు. ఆ మాటకు బరువు ఎక్కువ ఉండటంతో ఫొటో కాపీ ఢిల్లీకి వెళ్లింది. కమిటీలో జరిగేదంతా రాసుకునే పని చెన్నకేశవరావుది. శత్రుదేశం అని కూడా రాసుకున్నాడు. ఆ సంకేతం తమ ఇంటి పంపు మీద కూడా ఉందని అతనికి తెలుసు.

స్టోర్సులో చెక్కనిది ఇంకొక్క రింగు ఉంది. దాన్నీ, పగులు ఫొటో కాపీ ఒకదాన్నీ సంచిలో వేసుకుని నరసరావుపేట పరుగెత్తాడు. ఈసారీ పేతురే ఎత్తిపెట్టాడు.

ఖలందర్ ఫొటో అందుకుని వెలుతురులోకి వచ్చి చాలాసేపు చూశాడు. మొహం వాడిపోయింది.

"నా చుక్కల కాడే పగిలింది."

"అవును మామా."

"పంపు షాఫ్టు లావుగా ఉంటది. ఇది పల్చన. పల్చన దాని మీద పంచ్ కొట్టకూడదు. ఆ మాత్రం తెలవాల నాకు." ఫొటోను మోకాలి మీద పెట్టుకుని కూర్చుండిపోయాడు. "నలభై ఏళ్ల పని. సిగ్గుగా ఉంది అబ్బాయ్."

"సిగ్గెందుకు మామా. ఇంకోటి తెచ్చా. ఈసారి చుక్కలు లేకుండా చెయ్. అంతటితో అయిపోద్ది."

"చేస్తా. చేసి నేనే వచ్చి మీ పెద్దోళ్లకు చెప్తా, తప్పు నాదని."

చెన్నకేశవరావు వద్దన్నాడు. ఆకాశానికి పోయే సామానుకు పొలం పంపు పద్ధతి పనికిరాదని చెప్పాడు. ఇది దేశరక్షణ అన్నాడు, చట్టం అన్నాడు, జైలన్నాడు. ఖలందర్ ఇవన్నీ శ్రద్ధగా విని, "జైల్లో వేసినా చెప్పాల్సిందేగా" అన్నాడు. లాభం లేక లోపలికి వెళ్లి, ఖలందర్ భార్య పీరాంబీని పట్టుకున్నాడు.

"అత్తా, నువ్వన్నా చెప్పు. ఆయనొస్తే నా ఉద్యోగం పోద్ది."

పీరాంబీ చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. "ముప్పై ఏళ్ల నాడు కారెంపూడి రైతు ఒకాయన చక్రం పగిలితే, తప్పు తనదని చెప్పిరాందే అన్నం తిననని కూసున్నాడు ఈయన, నాయనా. నేనేం చెప్పేది."

ఖలందర్ బయటనుంచి అన్నాడు. "నీ పేరు నేనెందుకు ఎత్తుతా అబ్బాయ్. నా చేతి సంగతి నేను చెప్పుకుంటా. అంతే."

రెండో రింగు వారంలో పూర్తయింది. చుక్కలు లేవు. చెన్నకేశవరావు చేతిలో పెట్టేటప్పుడు ఖలందర్ బొటనవేలు లోపలి అంచు వెంట ఒకసారి తిరిగి, ఏమీ తగలక ఆగింది. "పేరు లేకుండా పంపిస్తన్నా" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

మేలో ఒక రోజు కమిటీ ఆఖరి సమావేశం జరిగింది. కొత్త రింగు ముందురోజే వణుకుడు బల్ల మీద గంటసేపు నిలబడింది. అందరూ ఉత్సాహంగా ఉన్నారు. పాత రింగు ఎందుకు పగిలిందో ఒక కారణం రాసేస్తే సరిపోతుంది, శత్రుదేశమే అందరికీ సౌకర్యంగా ఉంది అనుకుంటుండగా గేటునుంచి ఫోనొచ్చింది. నరసరావుపేట నుంచి ఖలందర్ అనే ముసలాయన వచ్చాడని, మూడు చుక్కలు తానే పెట్టానంటున్నాడని పేతురు చెప్పాడు.

 శత్రుదేశం ఇంత దగ్గర్లో ఉంటుందని వాళ్లు అనుకోలేదు.

ఖలందర్ ఉతికిన లుంగీ, తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. చెన్నకేశవరావు తల వంచుకుని రాసుకుంటున్నాడు. అప్పటికింకా రాయాల్సిందేమీ లేదు.

"అయ్యా, ఆ రింగు చెక్కింది నేను. చుక్కలు కొట్టింది నేను. పల్చని దాని మీద కొట్టకూడదు. తెలవక కొట్టా. తప్పు నాది. ఆ ముక్క చెప్పిపోదామని వచ్చా."

డైరెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ రింగు ఈ కంపెనీ లోపల తయారైంది. ఫైల్లో అలాగే ఉంది."

"ఫైలు సంగతి నాకు తెలవదయ్యా. మా లేతు మీద తయారైంది."

"నీ దగ్గరికి ఎవరు తెచ్చారు?"

"తెచ్చినోళ్లు చెప్పుకోవాల. నాది నేను చెప్పుకోటానికి వచ్చా. ఇంకొకళ్లది చెప్పటానికి రాలా."

 చెన్నకేశవరావు ఒక్కసారి లేచి నిలబడితే సరిపోయేది. లేవడానికి మోకాళ్లు కదిలించాడు కూడా. అంతలో డైరెక్టరు అతనివైపు తిరిగాడు.

"చెన్నకేశవరావ్, మీదీ గుంటూరు జిల్లాయే కదా. ఈయన మీకు తెలుసా?"

ఖలందర్ అతనివైపు చూడలేదు. గోడమీది ఫొటోనే చూస్తున్నాడు.

"జిల్లా చాలా పెద్దది సార్" అన్నాడు చెన్నకేశవరావు.

ఖలందర్‌కు టీ ఇచ్చి పంపేశారు. పోలీసులకు అప్పజెబుదామని ఒకాయన అన్నాడుగాని, అప్పజెబితే పేపర్లో పడుతుందని, పేపర్లో పడితే జర్మనీ యంత్రం సంగతి బయటికొస్తుందని తక్కినవాళ్లు వద్దన్నారు. తర్వాత కమిటీ తర్కానికి కూర్చుంది. రింగు కంపెనీ దాటి వెళ్లలేదు, ఫైలే సాక్షి. చుక్కలు పెట్టింది ఈ ముసలాయన, తనే ఒప్పుకున్నాడు. అంటే ఆయనే కంపెనీ లోపలికి వచ్చి పెట్టి ఉండాలి. వచ్చాడంటే గేటు దగ్గర ఎవరో వదిలి ఉండాలి. ఆ తర్కంలో ఎక్కడా లొసుగు లేదు. వాచ్‌మన్ పేతురును ఆ రోజునుంచే ఉద్యోగంలోంచి తీసేయాలని తీర్మానించారు. చెన్నకేశవరావు ఆ తీర్మానాన్ని తన గుండ్రటి అక్షరాలతో రాశాడు. లేచేముందు డైరెక్టరు, కొత్త రింగు విషయంలో చూపిన చొరవకు అతన్ని మేనేజరు చేస్తున్నట్టు ఇంకొక తీర్మానం రాయమన్నాడు. అదీ రాశాడు.

పని ముగించుకుని బస్టాపుకు పరుగెత్తాడు. ఖలందర్ అక్కడ రాతి మీద కూర్చున్నాడు.

"రెండోది నిలబడిందా?" అన్నాడు చూడగానే.

"నిలబడింది మామా. గంటసేపు."

ముసలాయన మొహం విప్పారింది. "అల్లాకు షుకర్."

"నా పేరు చెప్పలేదు నువ్వు. నీ రుణం తీర్చుకోలేను."

"నీ కోసం చెప్పకుండా ఉండలా. అది నువ్వే చెప్తావనుకున్నా." కొంచెం ఆగి అడిగాడు. "ఆఖరికి ఎవురి మీద రాశారు?"

చెన్నకేశవరావు రోడ్డువైపు చూస్తూ చెప్పాడు. పూర్తిగా చెప్పకముందే ఖలందర్ లేచి నిలబడ్డాడు.

"నన్ను లోపలికి తీసుకొచ్చి, మంచినీళ్లిచ్చాడే, ఆయన మీదా?"

చెన్నకేశవరావు జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"నా తప్పు నెత్తినేసుకుని నెల్లాళ్లు తిరిగా అబ్బాయ్. ఇయ్యాల దించుకున్నా. నీది నువ్వు ఆయన నెత్తిన పెట్టావు. మళ్లా పోయి నువ్వే దించాల. నేను చెప్తే నమ్మరు, చూశావుగా."

బస్సొచ్చింది. ఖలందర్ ఎక్కి కూర్చుని కిటికీలోంచి మళ్లీ చూడలేదు. చెన్నకేశవరావుకు నిజంగానే కళ్లు చెమర్చాయి. వెనక్కి వెళ్లి డైరెక్టరుకు అంతా చెప్పేయాలని ఆ క్షణాన గట్టిగా అనుకున్నాడు. బస్టాపునుంచి గేటు రెండు ఫర్లాంగులు. మొదటి ఫర్లాంగు అయ్యేదాకా ఆ నిర్ణయం చెక్కుచెదరలేదు.

గేటు పక్కన పేతురు తన టిఫిన్ డబ్బా, కంబళి మూట కట్టుకుని నిలబడ్డాడు. చొక్కా మీద కంపెనీ బిళ్ల అప్పుడే పీకేసినట్టుంది, గుడ్డ చిరిగి ఉంది. చెన్నకేశవరావును చూడగానే అలవాటు కొద్దీ సెల్యూట్ కొట్టాడు.

"సార్, నేను ఎవర్నీ లోపలికి వదల్లేదు సార్. మీకు తెలుసు గదా. ఈపూరులో పిల్లలకు ఏం చెప్పాల. పెద్దోళ్లతో మీరొక్క మాట చెప్పండి."

చెన్నకేశవరావు గేటు లోపలికి చూశాడు. పేతురు కళ్లు అతని మొహం మీదే ఉన్నాయి.

"మాటతో అయ్యే పని కాదు పేతురూ. అర్జీ పెట్టుకోవాలి."

"నాకు ఇంగ్లీషు రాదు గదా సార్."

"నేను టైపు చేయించి ఇస్తాను, రా."

లోపలికి తీసుకెళ్లాడు. కొత్త గదిలో కూర్చుని, తన చేతిరాత పడకుండా టైపిస్టుకు తానే చదివి చెప్పాడు. అర్జీ చాలా బాగా కుదిరింది. గౌరవనీయులైన అని మొదలై, తమ విధేయుడు అని ముగిసింది. ఎక్కడా ఎవరి పేరూ రాలేదు. కింద పేతురు చేత వేలిముద్ర వేయించి, పైకి పంపాల్సిన కాగితాల ట్రేలో అన్నిటికంటే అడుగున పెట్టాడు.

పేతురు గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"మన జిల్లా వాళ్లు ఉండబట్టి సరిపోయింది సార్" అన్నాడు.